నర్సింగ్ ఆప్షన్ ఎందుకు కనిపించడం లేదు? అసలు నర్సింగా, ఎంబీబీఎస్సా?

కౌన్సెలింగ్ సైట్‌లో మీ చెల్లెకు బీఎస్సీ నర్సింగ్ కనిపించడం లేదని, నర్సింగా ఎంబీబీఎస్సా తేలడం లేదని అడిగారు కదా. ఆమె వెతుకుతున్నది తెలంగాణ ఎప్‌సెట్ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) బైపీసీ కౌన్సెలింగ్ సైట్‌లో. అందులో ఫార్మసీ, బయోటెక్నాలజీ లాంటివే ఉంటాయి. బీఎస్సీ నర్సింగ్ సీట్లు ఇచ్చేది మన వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ.

అందరూ తప్పేది ఇక్కడే: ర్యాంకు వస్తే సరిపోదు, యూనివర్సిటీ సైట్‌లో మళ్లీ అప్లై చేయాలి.

1. కన్వీనర్ కోటా (యూనివర్సిటీ ర్యాంకు ప్రకారం నింపే సీట్లు) నర్సింగ్‌కు చూసేది ఎప్‌సెట్ ర్యాంకు, నీట్ ర్యాంకు కాదు.
2. ఎంబీబీఎస్ రాష్ట్ర కోటాకు నీట్ ర్యాంకుతో ఇంకో అప్లికేషన్ పెట్టాలి. రెండింటి నోటిఫికేషన్లూ వేరు.
3. 6 నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోండి. చివరి రోజు మీసేవ చుట్టూ తిరిగితే సీటే పోతుంది.

ఇక ఏది ఎంచుకోవాలంటే, పని చూసి తేల్చుకోండి. 500 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కించమని రాసేది డాక్టర్. మి.లీ.కు 20 చుక్కలు పడే సెలైన్ సెట్‌తో నిమిషానికి 21 చుక్కలు పడేలా గొట్టం మీది రోలర్ తిప్పి, చెయ్యి వాచిందా అని మళ్లీ మళ్లీ చూసేది నర్సు. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేదీ నర్సే. ఇది చిన్న పని కాదు.

నర్సింగ్ 4 ఏళ్లు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో 5½ ఏళ్లు, ఆపైన పీజీ 3 ఏళ్లు.

"ముందు నర్సింగ్ చేసి తర్వాత డాక్టర్ అవుతా" అంటే మాత్రం వద్దనండి. నర్సింగ్ నుంచి నేరుగా ఎంబీబీఎస్‌లోకి వెళ్లే బ్రిడ్జి కోర్సు లేదు. మళ్లీ నీట్ రాసి మొదటి ఏడాది నుంచే చదవాలి.