బస్సు పడనివాళ్లకి ప్రొపొఫాల్ వాంతులు ఆపుతుందా?

మీరు రెండు విషయాలు అడిగారు: ప్రొపొఫాల్ (ఆపరేషన్‌లో నరంలోకి ఎక్కించే మత్తుమందు) ఇస్తే ప్రయాణంలో వాంతులు తగ్గుతాయా, బస్సు పడదని ఆపరేషన్‌కి ముందు చెప్పాలా అని. రెండోది ముందు. మత్తు డాక్టరు అడగకపోయినా తప్పకుండా చెప్పండి.

ఆపరేషన్ తర్వాత వాంతులు ఎవరికవుతాయో అంచనాకి మేం, అంటే మత్తు డాక్టర్లం, ఆప్ఫెల్ స్కోరు అనే లెక్క చూస్తాం. అందులో నాలుగే అంశాలు: ఆడవాళ్లు కావడం, సిగరెట్ అలవాటు లేకపోవడం, ఇంతకుముందు మత్తు తర్వాత గానీ ప్రయాణంలో గానీ వాంతులవడం, ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి నొప్పిమందు పడటం. ఒక్కటీ లేకపోతే ముప్పు సుమారు 10 శాతం, రెండుంటే 40, నాలుగూ ఉంటే 80. అరకు ఘాట్‌లో కవరు చేతిలో పట్టుకుని కూర్చునే ఆవిడకి గాల్‌బ్లాడర్ తీశాక ట్రమడాల్ (మార్ఫిన్ జాతి నొప్పిమందే) పెడితే సాధారణంగా నాలుగూ ఉన్నట్టే.

అలాంటివాళ్లకి సెవోఫ్లురేన్ లాంటి పీల్చే మత్తు వదిలేసి, మొదట్నుంచి చివరిదాకా ప్రొపొఫాల్ మీదే నడపడం మంచిది. 2004లో ఐదు వేల మందికి పైగా రోగుల మీద వచ్చిన పరిశోధనలో ఈ మార్పు ఉన్న ముప్పులో 19 శాతం తగ్గించింది. వాంతులు ఆపే ఆండాన్‌సెట్రాన్, స్టెరాయిడ్ అయిన డెక్సామెథసోన్ 4 మి.గ్రా. చొప్పున ఇస్తే ఒక్కోటీ సుమారు 26 శాతం తగ్గించాయి. ఏ ఒక్కటీ చాలదు కాబట్టే కలిపి ఇస్తాం. రికవరీలో వాంతి ఆగకపోతే ప్రొపొఫాల్ 20 మి.గ్రా., అంటే 2 మి.లీ. ఇస్తాం. కానీ దాని ప్రభావం కాసేపే.

ఇక ప్రయాణానికి ప్రొపొఫాల్ ఊసే వద్దు. అది నరంలోకి ఎక్కించే మందు, ఊపిరి మందగిస్తుంది, బీపీ పడిపోతుంది. మానిటరు, ఆక్సిజన్ పక్కన లేకుండా ముట్టుకోకూడదు. చాలామంది బస్సెక్కే ముందు ఆండాన్‌సెట్రాన్ వేసుకుంటారు, అదీ పెద్దగా పనిచేయదు. అది సెరటోనిన్ అనే రసాయనం దారిని మూస్తుంది. లోచెవి నుంచి వచ్చే వికారం ఎక్కువగా హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే వేరే రసాయనాల దారుల్లో నడుస్తుంది. దానికి ఆ రెండు దారుల్నీ మూసే ప్రొమెథజైన్ పెద్దవాళ్లు 25 మి.గ్రా. బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందు వేసుకోవాలి. బాగా నిద్రొస్తుంది కనుక బండి నడిపేవాళ్లు వాడకూడదు. ఊపిరి మందగించవచ్చు కనుక రెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టర్ని అడగాలి.

ఎక్కువమంది పట్టించుకోనిది ఆపరేషన్ తర్వాత ఇంటికెళ్లే దారి. మార్ఫిన్ జాతి మందులు లోచెవిని మరింత సున్నితం చేస్తాయి, స్ట్రెచర్ గబుక్కున తిప్పినా వాంతొస్తుంది. మెల్లగా తిప్పమని సిబ్బందికి చెప్పండి. కారులో ముందు సీటు వెనక్కి వాల్చి, తల కదలకుండా ఆనించి కూర్చోబెట్టండి. ట్రమడాల్ పడ్డాక సొంతంగా ప్రొమెథజైన్ వేయొద్దు, రెండూ కలిస్తే మగత బాగా ఎక్కువవుతుంది. డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడే వాంతుల మందు రాయించుకోండి.