పోలిక కుందేలుతోనా, చెవితోనా?

సందేహం: పిల్లల గోడపత్రికలో ఒక పుట్టగొడుగు బొమ్మ కింద ‘అడవి కుందేలు లాంటి కప్పు పుట్టగొడుగు’ అని రాశాను. జంతువుతో పోలికేమిటని ఒకరు, గొడుగులా లేనిదాన్ని పుట్టగొడుగు అనకూడదని మరొకరు అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: జంతువుతో పోల్చడం తప్పు కాదు. చంద్రుడికీ ముఖానికీ మాత్రం ఏం చుట్టరికం ఉందని కవులు పోల్చారు? మీ వాక్యంలో ఇబ్బంది వేరే ఉంది. ఒటిడియా లెపోరినా అనే ఈ పుట్టగొడుగు ఒకవైపు మొదలుదాకా చీలి, రెండోవైపు నిక్కి నిలబడుతుంది. అది పోలింది కుందేటి చెవిని, కుందేల్ని కాదు. మరి ‘మృగాక్షి’లో లేడి మొత్తం రాలేదా అంటారేమో. ఆ మాటకు అర్థం లేడి కళ్ల వంటి కళ్లున్నది అని. అక్కడ ‘అక్షి’ ఉంది కాబట్టి మిగతాది మనం పూరించుకుంటాం. మీరు చెవినే వదిలేశారు, ఇక దేన్ని పట్టుకుని పూరించాలి?

గొడుగు మాటకొస్తే, ‘నూనె’ చూడండి. నువ్వుల నెయ్యి అని పుట్టిన మాట అది. ఇప్పుడు కొబ్బరినూనె అంటే నువ్వులేవని ఎవరూ నిలదీయరు. పుట్టగొడుగూ అంతే, జాతి పేరైపోయింది. నిలదీయాలంటే ముందు పుట్ట ఏదని అడగాలి!

నాకు నచ్చనిది ‘కప్పు’. మనకు ఇంటిమీదదీ కప్పే, టీ తాగేదీ కప్పే. గొడుగు పక్కన చేరితే చదివేవాళ్లకు పైకప్పే తోస్తుంది. ఇక్కడ ఉన్నదేమో పైకి తెరుచుకున్న గిన్నె. విత్తుల్లాంటి సిద్ధబీజాలు దాని లోపలి తలం మీదే తయారవుతాయి. గుళ్లో ప్రసాదం పెట్టే ‘దొప్ప’ ఉండగా కప్పు దేనికి? పైగా పెద్ద చెవుల్ని మనం దొప్పచెవులనే అంటాం. కుందేలుకు చెవులపిల్లి అనే పేరూ ఉంది.

‘అడవి’ ఉంచండి. లెపోరినా అన్న లాటిన్ మాటలో ఉన్నది లెపస్, అంటే అడవి కుందేలు. మన తూర్పు కనుమల పొదల్లో తిరిగే నల్లమెడ కుందేలు ఆ లెపస్ జాతిదే. ఇళ్లలో పెంచే తెల్లవాటి వంశం వేరు. వాటి పిల్లలు కళ్లు తెరవకుండా, బొచ్చు లేకుండా పుడతాయి. అడవి కుందేలు పిల్లలు కళ్లు తెరుచుకుని, బొచ్చుతోనే పుడతాయి.

కాబట్టి ‘అడవి కుందేటి చెవిని పోలిన దొప్ప పుట్టగొడుగు’ అని రాయండి. నోరు నోటి అయినట్టు కుందేలు కుందేటి అవుతుంది. వాడుకలో ‘కుందేలు చెవి’ అన్నా తప్పు పట్టను.