నీ దగ్గర చెప్పుకున్న మాట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కొత్తగా చేరిన నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లకి నిన్ను మెంటర్‌గా వేశారని మొన్న ఫోన్లో చెప్పావు. రెండో బెంచీలో కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసిన పిల్ల ఇవాళ తోటి మాస్టర్లకి దారి చూపిస్తోందంటే నాకు ఎంత గర్వమో! ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి మాత్రం కారణం వేరే ఉంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. వారానికి 16 గంటల క్లాసులతోనే వాళ్ళు సతమతమవుతుంటారు, పైన కమిటీ పనులు నెత్తిన పడనివ్వకు. పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్ళకే ప్రమోషన్‌కి అర్హత వస్తుంది, కోర్సుల సర్టిఫికెట్లు ఇప్పటినుంచే ఫైల్లో పెట్టుకోమను. ఏ పరిశోధన పత్రికలు నమ్మదగినవో చెప్పే కేర్ జాబితాను 2025లో యూజీసీ ఆపేసింది కదా, డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే పత్రికలకి నిన్నడగకుండా వ్యాసాలు పంపొద్దను.

ఇక నా తప్పు చెబుతాను.

నాకూ ఒక కుర్ర లెక్చరర్‌ని అప్పజెప్పారు. నోట్‌బుక్కు పట్టుకుని అతని క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. గంటసేపూ బోర్డు వైపు తిరిగి రాస్తూనే ఉన్నాడు. చొక్కా వీపంతా చెమట. తర్వాత టీ తాగుతూ, గ్లాసులోకే చూస్తూ, "ఇటు తిరిగితే గొంతు పెగలడం లేదు సార్" అన్నాడు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదట. నేను ఆ సాయంత్రమే వెళ్ళి హెడ్‌కి చెప్పేశాను. కుదురుకునేదాకా రెండు క్లాసులు తగ్గిస్తారని నా ఆశ. నెల తిరక్కుండా స్టాఫ్ మీటింగులో, అందరి ముందూ, "ఆయనకి క్లాసు చెప్పడమే రాదటగా" అని ఆ మాట బయటికొచ్చింది. అతను నా వైపు ఒక్కసారి చూశాడు. అంతే. మళ్ళీ నాతో టీకి రాలేదు. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. పాఠం బాగా తెలిసినవాడమ్మా! నేను నోరు కట్టుకుని, పక్కన నాలుగు రోజులు నిలబడితే కుదురుకునేవాడు.

కోప్పడకు గానీ, మంచి చేద్దామన్న ఈ తొందర నీకూ ఉంది. నీ స్నేహితురాలు పరీక్ష ఫీజు కట్టలేదని క్లాసు మధ్యలో లేచి చెప్పావు, గుర్తుందా? ఆ పిల్ల ఆ రోజంతా తలెత్తలేదు. నువ్వు చెప్పబట్టే ఫీజు కట్టగలిగాం, అదీ నేను మర్చిపోలేదు. కానీ ముందు ఆ పిల్లని అడిగి ఉండాల్సింది.

అందుకే, పిలవకుండా ఎవరి క్లాసులోనూ కూర్చోకు. రాసుకున్న కాగితం వాళ్ళ చేతికే ఇచ్చెయ్యి. "నీ తరఫున హెడ్‌తో మాట్లాడనా?" అని అడుగు, వద్దంటే ఆగిపో. రహస్యంగా రిపోర్టు రాసివ్వమని పైవాళ్ళు అడిగితే, ఈ పని నాకొద్దని చెప్పి తప్పుకో. భయపడకు, నేనున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంటికి రా. ఆ నలుగురి సంగతులూ నేను అడగను. నువ్వెలా ఉన్నావో చెప్పు, చాలు.

మీ మాస్టారు