పొద్దున 5:30కి రిజల్ట్, అప్పటిదాకా నిద్ర పట్టదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ దగ్గర ఒక ఊరు. నాన్నకు బత్తాయి తోట ఉంది. నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. అమెరికాలో ఒక పెద్ద యూనివర్సిటీకి నవంబర్ 1 లోపు ఎర్లీలో, అంటే మామూలు గడువు కంటే ముందుగా పెట్టే విడతలో అప్లై చేశాను, డిసెంబర్ మధ్యలో రిజల్ట్ అన్నారు. నాన్న సంతోషంలో ఊళ్లో అందరికీ చెప్పేశారు. కిరాణా షాపుకు పోయినా 'అమెరికా ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా' అని అడుగుతున్నారు, బస్సులో కండక్టర్‌కు కూడా తెలిసింది. రాకపోతే నాన్న నలుగురిలో ఎట్లా తిరుగుతారోనని భయంగా ఉంది. రిజల్ట్ పెట్టే యూనివర్సిటీ పోర్టల్ రోజుకు యాభై సార్లు తెరుస్తున్నాను. ప్రీఫైనల్స్ దగ్గరికొచ్చాయి, పుస్తకం ముందేసుకుంటే ఒక్క ముక్క ఎక్కడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక చెల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. యూనివర్సిటీ గురించి రాసింది ఒకటీ రెండు వాక్యాలే, మిగతాదంతా నాన్న, ఊరు, కిరాణా షాపు, బస్సు. నీకు నిద్ర పట్టనిది సీటు కోసం కాదనిపిస్తోంది, నీతోపాటు ఊరంతా ఎదురుచూస్తున్నందుకు. అందుకే ముందు ఆ సంగతి మాట్లాడతాను.

మా అక్క కూతురుది పాలమూరు. నాలుగేళ్ల కింద తను కూడా నీలాగే ఎర్లీలో పెట్టింది. రిజల్ట్ నాటి పొద్దున ఇంట్లో పదిమందిమి ఉన్నాం, మా బావ ముందురోజే మిఠాయి డబ్బా తెచ్చిపెట్టాడు. పిల్ల ఫోన్ తెరిచింది, చదివింది, ఏమీ అనకుండా పెరట్లోకి పోయి రాత్రి బోళ్లు తోమడం మొదలుపెట్టింది. చలికి చేతులు ఎర్రబడుతున్నా ఒకటే తోమడం. మాలో ఒక్కరికీ దగ్గరికి పోయి మాట్లాడే ధైర్యం లేకపోయింది. ఆ డబ్బా నాలుగు రోజులు ఫ్రిజ్ మీదే ఉంది, ఎవరూ ముట్టలేదు. ఆ రోజు ఆ పిల్లకు సీటు రానందుకన్నా, మా పదిమంది మొహాలు ఒకేసారి చూడాల్సి వచ్చినందుకు ఎక్కువ బాధ కలిగిందని తర్వాత తనే చెప్పింది. మేం ఆ పొద్దు అక్కడ ఉండకూడదు. ఇప్పటికీ నాకది గుచ్చుకుంటుంది.

కాబట్టి ఆ పొద్దున గదిలో ఎవరుండాలో నువ్వే ఇప్పుడే నిర్ణయించుకో. అమ్మ ఒక్కతే చాలు అనుకుంటే అమ్మే. ఒక్కదానివే చూసుకోవాలనిపిస్తే అదీ తప్పు కాదు. అమెరికా తూర్పు వైపు యూనివర్సిటీలు చాలావరకు సాయంత్రం పూట రిజల్ట్ పెడతాయి, డిసెంబర్‌లో వాళ్లకూ మనకూ పదిన్నర గంటల తేడా, అంటే వాళ్లకు రాత్రి 7 అయితే మనకు తెల్లారి 5:30. తేదీ కూడా మనకు ఒకరోజు ముందుకు జరుగుతుంది, అది చూసుకోక చాలామంది ఒక రాత్రంతా ఊరికే జాగారం చేస్తారు. రిజల్ట్ ఏ రోజో, ఎన్నింటికో మామూలుగా వాళ్లే ముందుగా చెప్తారు. అప్పటిదాకా పోర్టల్‌లో నీ జవాబు కనిపించదు. ఏదైనా కాగితం తక్కువైందేమో చూసుకోవడానికి రోజుకు ఒక్కసారి తెరిస్తే సరిపోతుంది.

ఇక నాన్న. ఆయనకు తెలిసింది ఎంసెట్ పద్ధతి. ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెడతాం, ఇంత ర్యాంకుకు ఇక్కడ సీటు అని లెక్క తేలిపోతుంది. ఇక్కడ ర్యాంకు లేదు, కటాఫ్ లేదు. మార్కులు, నువ్వు రాసిన వ్యాసాలు, మీ సార్లు రాసిన ఉత్తరాలు, ఇంటి పరిస్థితి, ఆ ఏడాది వాళ్లకు ఎలాంటి పిల్లలు కావాలన్నది, అన్నీ కలిపి చూస్తారు. హార్వర్డ్‌నే తీసుకో, 2022 డిసెంబర్‌లో ఎర్లీలో పెట్టిన 9,553 మందిలో 722 మందికే సీటిచ్చారు. మిగిలినవాళ్లలో బ్రహ్మాండంగా చదివే పిల్లలు ఎందరున్నారో ఆలోచించు. ఇది నాన్నకు అంకెల్లో చెప్తే ఎక్కకపోవచ్చు, తోట మాటల్లో చెప్పు. కాయ ఎంత బాగున్నా ఆ రోజు మార్కెట్‌కు లారీలు ఎక్కువొస్తే ధర పడిపోతుంది కదా, ఆ రోజు నాన్న కాయను తిట్టుకున్నారా? ఆయన కంటే బాగా ఈ ముచ్చట ఎవరికి అర్థమవుతుంది చెప్పు.

అట్లనే ఊళ్లోవాళ్లకు ఏం చెప్పాలో కూడా నాన్నకు నువ్వే అందించు: 'మొత్తం తెలిసేసరికి మార్చి ఆఖరవుతది.' ఇందులో అబద్ధమేమీ లేదు. ఎర్లీలో జవాబు మూడు రకాలుగా వస్తుంది, సీటు ఇచ్చామని, ఇవ్వలేమని, లేదా డిఫర్ అని. డిఫర్ అంటే నీ అప్లికేషన్‌ను రెగ్యులర్‌లో, అంటే ఎర్లీ తర్వాత మామూలు గడువులో పెట్టినవాళ్లతో కలిపి మళ్లీ చూస్తారు, ఆ జవాబు మార్చి చివర్లో వస్తుంది. రెగ్యులర్‌లో వేరే యూనివర్సిటీలకు పెట్టినా అంతే.

ఇక్కడ నేను కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది. చాలా యూనివర్సిటీలకు రెగ్యులర్ గడువు జనవరి మొదటి రోజుల్లోనే ముగుస్తుంది. డిసెంబర్ మధ్యలో రిజల్ట్ చూసుకుని అప్పుడు మొదలుపెడదాంలే అనుకుంటే చేతిలో మిగిలేది రెండు వారాలు, అదీ మనసు బాగాలేని రెండు వారాలు. మా పిల్ల ఆ రెండు వారాలు దుప్పటి కప్పుకుని పడుకుంది, గడువు దాటిపోయింది. తర్వాత ఎంసెట్ రాసి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్‌లో చేరింది, బాగా చదువుతోంది, కానీ 'ఒక్క ఫారమ్ అయినా ముందే రాసిపెట్టుకుని ఉంటే' అని ఇప్పటికీ అంటుంది. నువ్వట్లా చేయకు. ఈ రోజు నుంచే మిగతావి రాయడం మొదలుపెట్టు. పోర్టల్ తెరవాలనిపించినప్పుడల్లా ఆ వ్యాసం ఫైల్ తెరువు.

ఇంకొకటి, నువ్వు ఏ రకం ఎర్లీలో పెట్టావో ఉత్తరంలో రాయలేదు. ఎర్లీ డెసిషన్ అయితే సీటొస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. వాళ్లిచ్చే ఆర్థిక సాయం మీ ఇంటికి చాలకపోతేనే తప్పుకునే వీలుంటుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌ల పద్ధతి వేరు, ఎర్లీలో ఇంకో ప్రైవేటు యూనివర్సిటీకి పెట్టకూడదు గానీ సీటొచ్చినా మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. నాన్నతో కూర్చుని ఏ కాగితం మీద సంతకం పెట్టారో ఒకసారి చూసుకోండి. డబ్బు సంగతి సీటొచ్చాక చూద్దామని వదిలేయొద్దు. ఏడాదికి 80 వేల డాలర్లు దాటే ఖర్చు, సాయం లేకుండా బత్తాయి తోట మీద అయ్యే పని కాదు.

ప్రీఫైనల్ మార్కులు కూడా ఊరికే పోవు. డిఫర్ అయినా, రెగ్యులర్‌లో పెట్టినా, ఈ ఏడాది ఎట్లా చదువుతున్నావో కాలేజీ నుంచి రిపోర్టు పంపాలి. ఆ లెక్కన నీ అప్లికేషన్‌లో ఇంకా నీ చేతిలో ఉన్న భాగం ఆ పుస్తకమే.

పుస్తకం ముందు కూర్చోలేని సాయంత్రం నల్లగొండ పక్కన పానగల్లు పోయి రా. ఛాయా సోమేశ్వరాలయం చిన్నప్పుడు చూసే ఉంటావు, ఈసారి ఫిజిక్స్ చదివిన పిల్లగా చూడు. సూర్యుడు కదులుతుంటే గర్భగుడిలో నీడ పొద్దంతా ఎందుకు కదలడం లేదో, వెలుతురు ఎటు నుంచి వస్తోందో, ఏ స్తంభం ఎక్కడుందో నోట్‌బుక్‌లో గీసుకో. గంటసేపు ఫోన్ గుర్తుకు రాదు.

ప్రశ్న: మేడమ్, మాది మహబూబ్‌నగర్. మా బాబు కూడా అమెరికా యూనివర్సిటీ రిజల్ట్ కోసం చూస్తున్నాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లోనే ఉంటాడు, అన్నం సగం వదిలేస్తున్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఫోన్ గుంజుకోవాలా?
– ఒక తల్లి

జవాబు: గుంజుకోవద్దమ్మా. అందులో వాడు చూసేది ఎక్కువగా వేరే పిల్లల స్కోర్లు, వాళ్ల ప్రైజులు, నాకు ఇది వచ్చింది అది వచ్చింది అని రాసుకున్నవే అయ్యుంటాయి. అవి చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. పది దాటాక ఫోన్ మీ గదిలో ఛార్జింగ్ పెడదామని వాడితోనే ఒప్పించండి.

మాట్లాడటానికి ఇంగ్లీషు ఎందుకు? అప్లికేషన్‌లో వాడు వ్యాసాలు రాసి ఉంటాడు. అందులో ఒకటి నాకు తెలుగులో చెప్పు నాయనా అని అడగండి. చాలామంది పిల్లలు వాటిలో ఇంటి గురించి, అమ్మ గురించి రాస్తారు, ఇంట్లో ఒక్కరికీ చదివి వినిపించరు. వాడు చెప్తుంటే మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి. 'ఇంకా రాలేదా' అని మాత్రం అడగొద్దు, వస్తే ముందు మీకే చెప్తాడు.

నిద్ర బొత్తిగా పోయినా, 'నేను దేనికీ పనికిరాను' 'నేనుండి ఏం లాభం' అనే మాటలు వినిపించినా మాత్రం రిజల్ట్ దాకా ఆగొద్దు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. 14416 టెలీమానస్ నంబర్, మనసు బాగాలేనప్పుడు సాయానికి ప్రభుత్వం పెట్టిందే, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు. మీరు చేసినా మాట్లాడతారు.

ప్రశ్న: డిఫర్ అని వస్తే అమెరికాలో ఉన్న మా మేనమామ ఆ యూనివర్సిటీ ఆఫీసుకు ఫోన్ చేసి మాట్లాడతానంటున్నాడు. చేయించమంటారా?
– వనపర్తి నుంచి ఒక విద్యార్థి

జవాబు: వద్దు తమ్ముడూ. మామయ్య ప్రేమతోనే అంటున్నాడు, కానీ ఆ ఫోన్‌తో నీకు మేలు జరగదు. డిఫర్ వస్తే పోర్టల్‌లో వాళ్లు ఏం పంపమన్నారో చదువు, కొందరు కొత్త కాగితాలేవీ వద్దంటారు, అలా అంటే పంపకు. పంపొచ్చు అంటే నువ్వే ఒక పేజీ ఉత్తరం రాయి: ఇంకా అక్కడే చదవాలని ఉందని, నవంబర్ తర్వాత కొత్తగా ఏం చేశావో, ఈ మధ్య వచ్చిన మార్కులెన్నో. ఒక్కసారే పంపు. మామయ్యకు సాయం చేయాలని ఉంటే ఆ ఉత్తరంలో ఇంగ్లీషు తప్పులు చూసిపెట్టమను, మాటలు మాత్రం నీవే ఉండాలి.