‘ఇవ్వాలి’కీ ‘ఇవ్వవచ్చు’కీ తేడా

సందేహం: గురువుగారూ, నేను ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే నర్సుని. సాక్ష్యాధారిత వైద్య మార్గదర్శకాలను తెలుగు చేస్తున్నాం. ఇంగ్లిషులో షుడ్, మే, కన్సిడర్ ఉన్నచోట్ల ‘ఇవ్వవలెను’, ‘ఇవ్వవలసి ఉంటుంది’, ‘ఇవ్వవచ్చును’, ‘పరిశీలించవలెను’ అని ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. ‘ఆరు నెలల లోపు శిశువుకు నీరు సిఫారసు చేయబడలేదు’ అని కూడా ఉంది. ఏవి ఉంచాలి? అసలు ‘సాక్ష్యాధారిత’ సరైన మాటేనా?

సమాధానం: చివరిది ముందు తేల్చేద్దాం. సాక్ష్య, ఆధారిత కలిస్తే సవర్ణదీర్ఘం. వ్యాకరణానికి లోటు లేదు. కానీ వినగానే ‘సాక్ష్యాధారాలు లేవని కేసు కొట్టేశారు’ అన్న మాటే గుర్తొస్తుంది. శీర్షికలో ఒకసారి ఉంటే ఉండనివ్వండి. లోపల ‘పరిశోధనల్లో తేలినదాన్ని బట్టి’ అనండి.

అసలు సంగతి క్రియల్లో ఉందమ్మా. ఇలాంటి పత్రాల్లో ఒక్కో క్రియది ఒక్కో బరువు. ఇంగ్లండులో 1999లో పెట్టిన నైస్ అనే సంస్థ ఉంది. 2013 నుంచి వైద్యంతో పాటు సామాజిక సంరక్షణకూ అదే మార్గదర్శకాలు ఇస్తోంది. అది ‘ఆఫర్’ అని రాస్తే ఆధారం గట్టిదని, ‘కన్సిడర్’ అంటే అంత గట్టిది కాదని లెక్క. తెలుగులో ఆ తేడా చెరిగిపోతే వాళ్ళు పడ్డ శ్రమంతా గంగపాలే.

‘ఇవ్వవలెను’ అరిగి ‘ఇవ్వాలి’ అయింది. ఇవాళ ‘ఇవ్వాలి’ చాలు. ‘ఇవ్వవలసి ఉంటుంది’ అంటే మాత్రం ముందుముందు ఎప్పుడో అవసరం పడుతుందన్న ఛాయ వస్తుంది. చదివిన అమ్మాయి ‘అయితే ఇప్పుడే కాదన్నమాట’ అనుకుంటుంది.

పెద్ద చిక్కు ‘వచ్చు’తోనే. ‘లోపలికి రావచ్చు’ అనుమతి. ‘సాయంత్రం వాన రావచ్చు’ ఊహ. మరి ‘జింకు ఇవ్వవచ్చు’? ఇస్తే తప్పులేదు, ఇవ్వకపోయినా తప్పులేదు అని వినిపిస్తుంది. పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు జింకు కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే కలిసి చెప్పాయి. మన దేశంలో 14 రోజులు ఇస్తారు. కాబట్టి ‘విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఇవ్వాలి’ అని రాయండి. ‘రోజులూ’లో ఆ దీర్ఘం ఒక్కటే ‘పూర్తి కోర్సు’ అన్న అర్థం ఇస్తుంది. ప్రూఫులు దిద్దేవాళ్ళు దాన్ని కొట్టేయకుండా చూసుకోండి.

‘కన్సిడర్’కు ‘పరిశీలించవలెను’ వద్దు. పరిశీలనలో ఉన్న ఫైలు గతి మనకు తెలియనిదా! ‘పరిస్థితి చూసి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, అవసరమనుకుంటే ఇవ్వండి’ అనండి.

వద్దనే చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ‘ఇవ్వకూడదు’ వేరు, ‘ఇవ్వనక్కర్లేదు’ వేరు. ‘సిఫారసు చేయబడలేదు’ ఈ రెండింటిలో ఏదీ కాదు. సిఫారసు అంటే మనవాళ్ళకు తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చే లేఖ. ‘ఎవరూ సిఫారసు చెయ్యలేదుగా, మనమే ఓ చెంచాడు పడదాం’ అనుకోరూ? ‘ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. చుక్క నీళ్ళు కూడా పట్టకూడదు’ అనండి. డాక్టరు చెప్పిన మందులు, ఓఆర్ఎస్ సంగతి పక్కనే వేరే వాక్యంలో పెట్టండి.

యాంటీబయాటిక్స్ ‘రొటీన్లీ’ ఇవ్వొద్దని, అంటే ప్రతిసారీ అలవాటుగా ఇవ్వొద్దని, ఇంగ్లిషులో ఉన్నచోట ఆ మాటను ‘మామూలుగా’ అని మార్చేవాళ్ళనూ చూశాను. ఆఫీసుల్లో మామూలుకున్న అర్థం అటుంచి, ఇక్కడ ‘అనగానే’ ఉండగా వేరే మాట దేనికి? ‘విరేచనాలు అనగానే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. రక్తం పడుతుంటే వెంటనే ఆసుపత్రికి పంపాలి.’