భర్త పోయిన పక్కింటావిడకి ఏ సాయం ఎక్కడ అడగాలి? మా అక్క కోసం మేం తిరిగినదంతా చెప్తున్నా

మీరు రాసింది నిన్న రాత్రే చూశా, కానీ చెప్పాల్సింది చాలా ఉందని ఇవాళ తీరిగ్గా కూర్చున్నా. పక్క పోర్షన్‌లో అద్దెకుండే ఆవిడ, భర్త సెంట్రింగ్ పనికి పోయేవాడు, నెల కింద చనిపోయాడు, పెద్దమ్మాయి మూడో తరగతి, చిన్నోడు అంగన్‌వాడీకి పోతాడు, సొంతూరు వేరే జిల్లా, తెలంగాణలో ఇలాంటివాళ్ళకి గవర్నమెంటు నుంచి ఏమొస్తుంది, ఎవర్నడగాలి, ఇదీ మీ ప్రశ్న. వితంతు పెన్షన్ తప్ప ఇంకేం లేదట కదా అని కూడా అన్నారు. మాకూ అచ్చం ఇదే మాట చెప్పారు, అందుకే ఇంత రాయడం.

2023 అక్టోబర్‌లో మా బావ పోయాడు. 38 ఏళ్ళు, గుండెపోటు. ఒక గోడౌన్‌లో కాంట్రాక్టర్ కింద పనిచేసేవాడు. దినాలయ్యేదాకా ఇంటినిండా జనం, తలా ఒక సలహా, ఆ తర్వాత అక్క, ఇద్దరు పిల్లలు, నేను. మొదటి రెండు నెలలు నేను చేసిన తప్పేంటంటే "స్కీములు" వెతకడం. ఫోన్‌లో వీడియోలు చూడటం, అందులో చెప్పిన పేరు రాసుకుని ఆఫీసుకి పోవడం, అక్కడ అలాంటిదేం లేదంటే తిరిగి రావడం. తర్వాత అర్థమైందేంటంటే ఏ టేబుల్‌కి ఆ టేబుల్ పని మాత్రమే తెలుసు, పెన్షన్ చూసేవాళ్ళకి పిల్లల సంగతి తెలీదు, పిల్లల సంగతి చూసేవాళ్ళకి బ్యాంకు ఇన్సూరెన్స్ తెలీదు, వాళ్ళ తప్పు కూడా కాదు. కాబట్టి ఎక్కడికెళ్ళినా లేచొచ్చే ముందు "మేడం, మా అక్కలాంటోళ్ళకి ఇంకెక్కడన్నా ఏమన్నా ఉంటదా, ఎవర్ని కలవాలె" అని అడగడం మొదలుపెట్టా. మాకు దొరికిన వాటిలో సగం ఈ ఒక్క ప్రశ్నతోనే దొరికాయి.

ఆఫీసుల కన్నా ముందు ఇంట్లో వెతకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తా. ఆయన బ్యాంకు పాస్‌బుక్, ఆయన ఫోన్‌లో పాత మెసేజీలు, బీరువాలో కవర్లు, జేబులో కార్డులు. బావ పాస్‌బుక్‌లో రెండేళ్ళుగా ఎంట్రీలు వేయించలేదు. బ్యాంకులో మిషన్ దగ్గర పెడితే నాలుగు పేజీలు టకటకా ప్రింట్ అయ్యాయి, అక్కడే గోడకానుకుని ఒక్కో లైను మీద వేలు పెట్టి చూసుకుంటూ వస్తే ఒకచోట 436 రూపాయలు కట్ అయింది. కరెంటు బిల్లు కాదు, రీచార్జి కాదు. కౌంటర్‌లో అడిగితే ముందు "ఏదో చార్జీ ఉంటుంది" అన్నారు. నేను కదల్లేదు. వెనక కూర్చున్న పెద్దాయన పిలిచి చూసి జీవన్ జ్యోతి బీమా బాబూ ఇది అన్నాడు. అకౌంట్ ఓపెన్ చేసినప్పుడు ఎవరో సంతకం పెట్టించుకున్నారట, బావ ఇంట్లో చెప్పనేలేదు. ఏడాదికి 436 కడితే మనిషి ఏ కారణంతో పోయినా 2 లక్షలొస్తుంది, జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క, కొత్తగా చేరినవాళ్ళకి మొదటి 30 రోజుల్లో మామూలు చావుకి మాత్రం రాదు. అలాగే 20 రూపాయలు కట్ అయిన లైను ఉంటే అది సురక్ష బీమా, యాక్సిడెంట్‌లో పోతే 2 లక్షలు, దానికి ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు అడుగుతారు. రెండూ అకౌంట్ ఉన్న బ్రాంచిలోనే క్లెయిమ్ పెట్టాలి. ఆ లైను చూడకపోయుంటే మాకా డబ్బు లేదు, అంతే, ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు.

రెండోది పీఎఫ్. మీ పక్కింటాయన సెంట్రింగ్ కాబట్టి ఉండకపోవచ్చు, కానీ ముందెప్పుడైనా కంపెనీలో చేశాడేమో అడగండి. బావ పాత జీతం స్లిప్పు మీద యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతా నంబరు, ఉంది. కాంట్రాక్టర్ "పీఎఫ్ ఓ ముప్పై వేలుంటది, అది ఇప్పిస్తా" అన్నాడు, దాంతో అక్క సరే అంది. తర్వాత పీఎఫ్ ఆఫీసులో తెలిసింది, ఉద్యోగంలో ఉండగా పోతే మూడు వేరువేరు ఫారాలు: పీఎఫ్ డబ్బుకి 20, పెన్షన్‌కి 10-డి, ఇన్సూరెన్స్‌కి 5-ఐఎఫ్. ఈ మూడోదాని మాట కాంట్రాక్టర్ ఎత్తనేలేదు, ఏడాదిపాటు ఆగకుండా పనిచేసుంటే అది కనీసం 2.5 లక్షలు, ఎక్కువలో ఎక్కువ 7 లక్షలు. భార్యకి నెలనెలా పెన్షన్, పిల్లలిద్దరికి 25 ఏళ్ళొచ్చేదాకా విడిగా. పెన్షన్ పెద్ద మొత్తమేం కాదు, కానీ నెల తిరిగేసరికి అక్క అకౌంట్లో ఏదో ఒకటి పడుతుందన్న ధైర్యం వేరు. పీఎఫ్ ఆఫీసు దూరమైతే ప్రతినెలా 27న జిల్లాల్లో వాళ్ళే క్యాంపు పెడతారు, అక్కడికెళ్ళొచ్చు.

మీకు అసలు ముఖ్యమైంది లేబర్ కార్డు. సెంట్రింగ్, మేస్త్రీ, రాడ్‌బెండింగ్, పెయింటింగ్, ఇవన్నీ భవన నిర్మాణ కార్మికుల బోర్డు కిందికొస్తాయి. ఆయన పేరు రిజిస్టరై ఉండి కార్డు రెన్యువల్‌లో ఉంటే చావుకి సాయం, అంత్యక్రియల ఖర్చు లేబర్ ఆఫీసు నుంచి వస్తాయి, మామూలు చావుకి వేరు, యాక్సిడెంట్‌కి వేరు. ఆవిడకి తెలీకపోవచ్చు, ఆయనతో పాటు పనికి పోయే మేస్త్రీనడగండి, సాధారణంగా ఒక గ్రూపువాళ్ళంతా ఒకేసారి కార్డులు చేయించుకుంటారు. ఊళ్ళో భూమి పట్టా ఆయన పేరు మీద ఉంటే రైతు బీమా కూడా చూడాలి, 18 నుంచి 59 ఏళ్ళ రైతు పోతే 5 లక్షలు, అది ఊరి వ్యవసాయ విస్తరణాధికారి, అదే ఏఈఓ, దగ్గర తెలుస్తుంది.

ఇక కాగితాలు. డెత్ సర్టిఫికెట్ మనిషి ఎక్కడ పోతే అక్కడి మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇస్తుంది, సొంతూళ్ళో కాదు, ఇది తెలీక చాలామంది ఊరికి పోయి వెనక్కొస్తారు. 21 రోజుల్లోపు చెప్తే ఏ ఇబ్బందీ లేదు, దాటితే లేటు ఫీజు, ఇంకా ఆలస్యమైతే పై ఆఫీసర్ల పర్మిషన్లు. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రివాళ్ళే సమాచారం పంపుతారు కానీ వాళ్ళు పేరెలా రాశారో ఒకసారి చూసుకోండి. మాకు ఆస్పత్రిలో ఎవరో బావ ఇంటిపేరు ఎగరగొట్టి రాశారు, ఆధార్‌లో ఇంటిపేరుతో ఉంది, బ్యాంకు "ఇద్దరూ ఒకరే అని మాకెలా తెలుస్తుంది" అని ఫైలు వెనక్కిచ్చింది. ఆ ఒక్క ఇంటిపేరు కోసం ఐదు వారాలు తిరిగా. మొదట రెండే కాపీలు తీసుకున్నా, అది కూడా తెలివితక్కువ పనే, కనీసం పది తీసుకోండి. దాంతోపాటు మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టేయండి, తహసీల్దార్ ఇస్తాడు, ఎక్కడికి పోయినా అదడుగుతారు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కూడా.

పెన్షన్ అంటే ఆసరా, ఇప్పుడు చేయూత అంటున్నారు, వితంతువులకి నెలకి 2,016. ఊళ్ళో అయితే పంచాయతీ సెక్రటరీ, టౌన్‌లో అయితే మున్సిపల్ ఆఫీసు. అప్లై చేసిన నెలకే వస్తుందనుకోవద్దు, మాకు చాలా ఆలస్యమైంది, అందుకే దాని మీదే కూర్చోకండి. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం అని ఇంకోటుంది, ఇంటికి సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్యలో పోతే పేద కుటుంబానికి ఒకేసారి 20,000, తహసీల్దార్ ఆఫీసులో అడగాలి. మేం అడిగినప్పుడు కౌంటర్‌లో ఉన్నావిడ "ఇది ఎవరూ అడగరండీ" అని ఫారం కోసం లోపల బీరువాలో వెతికింది. ఎవరూ అడగరు కాబట్టే ఎవరికీ రావట్లేదు అని నోటిదాకా వచ్చింది, పనుంది కదా అని ఊరుకున్నా.

పిల్లల విషయం మాత్రం తప్పకుండా చూడండి, దీని గురించి మాకు చెప్పింది అంగన్‌వాడీ టీచర్. చిన్న మేనకోడల్ని తీసుకురావడానికి అక్క వెళ్తే "తండ్రి లేని పిల్లలకి స్పాన్సర్‌షిప్ ఉంటది, కలెక్టరేట్‌లో బాలల పరిరక్షణ వాళ్ళుంటరు, పోయి కలువు" అందట. మిషన్ వాత్సల్య అనే పథకం కింద ఒక్కో పిల్లకి నెలకి 4,000, కుటుంబం ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, టౌన్లలో 96,000 దాటకూడదు. ఇది అప్లై చేసినవాళ్ళందరికీ రాదు, వాళ్ళు ఇంటికొచ్చి చూసి కమిటీలో పెట్టి మంజూరు చేస్తారు. మా ఇంటికొచ్చినావిడ అక్కతో గంటసేపు కూర్చుంది, పిల్లలు బడికి పోతున్నారా, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, అన్నీ అడిగింది. అక్కకి ముందు కోపమొచ్చింది, మన ఇల్లు వీళ్ళకెందుకు అని. తర్వాత అర్థం చేసుకుంది. కలెక్టరేట్‌కి వెళ్ళలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి అడగొచ్చు. మీ పక్కింటావిడ పెద్దమ్మాయి ఆరో తరగతికొచ్చాక కస్తూర్బా స్కూల్, అంటే ఆడపిల్లల గవర్నమెంటు హాస్టల్ స్కూల్, గుర్తుపెట్టుకోండి, తండ్రి లేని ఆడపిల్లలకి అక్కడ ప్రాధాన్యం ఉంటుంది.

రేషన్ కార్డు ఊళ్ళో ఉందని బియ్యం వదిలేసుకోవద్దు, ఇప్పుడు ఏ డీలర్ దగ్గరైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మీ వీధి చివర డీలర్ దగ్గరే.

అత్తగారింటివాళ్ళతో పేచీలేమన్నా ఉంటే, లేదా బ్యాంకు నామినీ లేదు, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటే, వెంటనే లాయర్‌కి డబ్బు కట్టకండి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకి ఆదాయం ఎంతని కూడా చూడకుండా ఫ్రీగా లాయర్‌ని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది, ఫోన్ నంబర్ 15100. మేం ఇది ఆలస్యంగా తెలుసుకుని అప్పటికే ఒకాయనకి అడ్వాన్స్ ఇచ్చేశాం, అది పోయినట్టే.

ఏ ఆఫీసులో ఏ కాగితం ఇచ్చినా జిరాక్స్ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. "అవసరం లేదమ్మా, మేం చూస్కుంటం" అంటారు, నవ్వుతూనే అయినా వేయించుకోండి. మా ఫైలు ఒకచోట "అసలు రాలేదు" అన్నారు, స్టాంపు చూపిస్తే అదే టేబుల్ కింద కట్టలోంచి బయటికొచ్చింది. ఎక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, అర్జీ ఇస్తే సంబంధిత ఆఫీసుకి రాసి పంపుతారు, రసీదు ఇస్తారు. అప్పటికీ జవాబు లేకపోతే 10 రూపాయల ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గరుంది అని రెండు లైన్లు చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆర్టీఐ వేశాక పదిరోజులకే మాకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, మర్యాద కూడా పెరిగింది.

ఇంకోటి. మీ డబ్బు శాంక్షనయింది ఓటీపీ చెప్పండి అని ఫోన్లొస్తాయి, చనిపోయినవాళ్ళ వివరాలు వాళ్ళకెలా తెలుస్తాయో దేవుడికెరుక, ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. నేను చేయిస్తా సగం నాకివ్వు అనేవాళ్ళు కూడా వస్తారు.

ఆవిడ మొహమాటపడుతోందని రాశారు కదా, మా అక్క కూడా అంతే, మూడు నెలలు ఆఫీసు బయట బెంచీ మీదే కూర్చుంది, నేనే లోపలికి పోయేవాణ్ణి. కానీ సంతకాలు, వేలిముద్రలు ఆమెవే కావాలి కాబట్టి ఎప్పటికైనా లోపలికి రాక తప్పదు. మొదటిసారి మీరు గానీ మీ ఇంట్లో ఆడవాళ్ళు గానీ తోడు వెళ్ళండి, పక్కన కూర్చోండి, మాట్లాడటం మాత్రం ఆవిడనే మాట్లాడనివ్వండి.

ఈ వారం పాస్‌బుక్ ఎంట్రీలు, లేబర్ కార్డు, డెత్ సర్టిఫికెట్‌లో పేరు, ఈ మూడే చూడండి. కార్డు దొరికితే దాని మీద రెన్యువల్ తేదీ ఇక్కడ రాయండి. సోమవారం ప్రజావాణికి వెళ్ళేట్టుంటే ఆధార్ ఒరిజినల్ కూడా పట్టుకెళ్ళమనండి, మేం ఒట్టి జిరాక్స్‌తో పోయి రెండు బస్సులు మారి వెనక్కొచ్చాం.