సైలెన్సర్ మార్చిన బైకుల మోత: కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం తోటపాలెం. మా వీధిలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు బుల్లెట్ బళ్లకు సైలెన్సర్లు మార్పించి, రాత్రి పది దాటాక వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతున్నారు. మధ్యమధ్యలో బాంబు పేలినట్టు మోత. మా అత్తగారికి ఈమధ్యే గుండె ఆపరేషన్ అయింది. ఆ మోతకు ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నారు. ఒకసారి 112కు ఫోన్ చేశాం. పోలీసులు వచ్చేసరికి బళ్లూ లేవు, శబ్దమూ లేదు. వాళ్లలో ఒకడు ఇంకా ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ల నాన్నగారిని అడిగితే, ఎన్ని డెసిబెల్స్ వచ్చిందో కొలిచి చూపించమంటున్నారు. కేసు పెట్టవచ్చా? వీధిలో అందరం చందా వేసుకుని సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ కట్టించుకుందామనీ అనుకుంటున్నాం. మాకు విరోధాలంటే భయం. సలహా ఇవ్వగలరు. (ఒక గృహిణి)

జవాబు: కేసు పెట్టవచ్చు. డెసిబెల్స్ కొలవాల్సిన పని మీది కాదు. పైగా ఆ పెద్దమనిషి మాట పట్టుకుని అటు వెళ్తే మీ కేసే పల్చబడుతుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్న మాట నిజమే. అయితే అవి ఆ ప్రాంతంలో కొంతసేపు కొలిచి తీసే సగటుకు పెట్టిన పరిమితులు. రయ్యిమని మీ గేటు దాటిపోయే ఒక్క బండికి వాటిని అంటగట్టడం కష్టం. 175 సీసీ దాటిన మోటార్ సైకిళ్లకు 80 డెసిబెల్స్ అని ఇంకో పరిమితి ఉంది. అది బండి మోడల్ మార్కెట్లోకి రాకముందు టెస్ట్ ట్రాక్ మీద చూసేది. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచిన అంకె చూపిస్తే అవతలి లాయరు మొదటి ప్రశ్నకే ఎగరగొట్టేస్తాడు.

అందుకే మోతను వదిలేసి సైలెన్సర్ వెంట పడండి. శబ్దం నిమిషంలో పోతుంది. సైలెన్సర్ మర్నాడు పొద్దున కూడా ఆ బండికే ఉంటుంది. కంపెనీ ఇచ్చినదాన్ని మార్చడమే నేరం అయినప్పుడు, ఎంత మోత వచ్చిందన్న చర్చే అక్కర్లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ప్రకారం ప్రతి బండికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం కాస్త పళ్లు తెచ్చుకుంది. బండిని చట్టవిరుద్ధంగా మార్పించిన యజమానికి 182ఎ(4) సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘించే బండి నడిపితే 190(2) కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా రూ.10,000 వరకు జరిమానా లేదా రెండూ. దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. నన్నడిగితే కుర్రాళ్లకు అసలు దెబ్బ ఇదే. జరిమానా నాన్న జేబులోంచి పోతుంది, లైసెన్సు మాత్రం వాడిదే పోతుంది. పొగ సైలెన్సర్ గుండా కాకుండా పక్కదారిన పోయేలా కటౌట్ పెట్టినా, అవసరం లేకుండా హారన్ మోగించినా 194ఎఫ్ కింద మొదటిసారి రూ.1,000, తర్వాత రూ.2,000.

ఒక మాట. కంపెనీ సైలెన్సర్‌తో ఉన్న బుల్లెట్ కూడా కొంత మోత చేస్తుంది, అది నేరం కాదు. కాబట్టి వీధిలోని బుల్లెట్లన్నిటి మీదా రాయకండి. మార్చిన బళ్ల నంబర్లు మాత్రమే రాయండి. పగలు బండి వీధిలో నిలిపి ఉన్నప్పుడు నంబర్ ప్లేటూ సైలెన్సరూ రెండూ పడేలా ఒక ఫొటో తీయండి. రాత్రి మీ గేటు లోపలి నుంచే ఒకటి రెండు వీడియోలు తీసి, ఏ తేదీన ఎన్ని గంటలకో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. కొందరు పైన కంపెనీ గొట్టమే ఉంచి లోపల శబ్దాన్ని తగ్గించే జాలీ తీయించేస్తారు, అది ఫొటోలో తెలియదు. అలాంటిదాన్ని రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి తేల్చాలి. ఈ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి పేర్లతో తిట్టడం మాత్రం వద్దు. పరువునష్టం అంటూ వాళ్లు మీ మీదకు వచ్చే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది.

పిటిషన్ మీ ఒక్కరి పేరున వద్దు. ఏడెనిమిది ఇళ్లవాళ్లు సంతకాలు చేయండి, విరోధం ఎవరి ఒక్కరి నెత్తినా పడదు. ఒక కాపీ మీ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకోటి జిల్లా రవాణా శాఖ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపండి. చాలామంది దీన్ని మర్చిపోతారు. చట్టానికి విరుద్ధంగా ఉన్న బండి రిజిస్ట్రేషన్‌ను, యజమాని వాదన విన్నాక, 53వ సెక్షన్ కింద సస్పెండ్ చేసే అధికారం వాళ్లకుంది. కదలిక లేకపోతే సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆ రసీదు జత చేసి వెళ్లండి. వీధి మొత్తానికి ఇబ్బంది కాబట్టి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152 కింద ఆర్డీఓకు అర్జీ పెట్టుకునే దారి కూడా ఉంది. అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం రాకపోవచ్చు.

ఇంటర్ కుర్రాడి సంగతి వేరు. వాడికి 18 నిండకపోతే బుల్లెట్ ముట్టుకోకూడదు. మోటారు వాహనాల చట్టం 199ఎ ప్రకారం తండ్రి లేదా బండి యజమాని మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా ఎదుర్కోవాలి. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. తనకు తెలియకుండా నడిపాడని తండ్రి రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు. కానీ మీరు ఇప్పటికే వెళ్లి చెప్పారు కదా! డెసిబెల్స్ లెక్క అడిగిన ఆయనకు ముందు ఈ సెక్షన్ చదివి వినిపించండి.

స్పీడ్ బ్రేకర్ ఆలోచన మానుకోండి. అది నగరపాలక సంస్థ వేయాలి, మీరు అర్జీ మాత్రమే పెట్టగలరు. చీకట్లో దాని మీద ఎవరైనా పడితే చందా వేసినవాళ్లందరూ ముద్దాయిలే. బండి ఆపి తాళం లాక్కోవడమూ వద్దు, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 126 కింద దారిన పోయేవాడిని అక్రమంగా అడ్డగించారని కేసు మీ మీదే పెడతారు.

ఇరుగుపొరుగు కాబట్టి మాట్లాడుకుని తేల్చుకోవాలంటే, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి రాజీకి ప్రయత్నిస్తారు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. రాజీ కుదిరితే ఒక షరతు తప్పక రాయించండి: కంపెనీ సైలెన్సర్ బిగించి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, ఆ కాగితం కాపీ మీకు ఇవ్వాలని. "ఇకపై మెల్లగా నడుపుతాడు" అన్న మాట మీద సంతకం పెడితే, నెల తిరక్కుండానే మళ్లీ పిటిషన్ రాసుకోవాల్సి వస్తుంది.